ఫ్లాట్‌వౌండ్ తీగలకు ఒకే గొంతు లేదు

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌కు వేసే ఫ్లాట్‌వౌండ్ తీగల గురించి వాద్యకారుల్లోనూ, తీగలు అమ్మేవారిలోనూ, పాఠాలు చెప్పేవారిలోనూ దశాబ్దాలుగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఆ తీగలన్నీ మొద్దు శబ్దాన్నే ఇస్తాయని, 1960ల నాటి సోల్ పాటలకూ జాజ్‌కూ తప్ప మరి దేనికీ పనికిరావని, ఒక కంపెనీ తీగకూ మరో కంపెనీ తీగకూ తేడా ధరలో తప్ప చెవికి అందదని, ఎంత పాతబడితే అంత మంచివి కాబట్టి ఒకసారి బిగించాక మార్చనే కూడదని ఆ అభిప్రాయం సారాంశం. ఇందులోని ప్రతి మాటలోనూ గోరంత నిజం ఉంది. ఆ గోరంతను కొండంత చేసి సూత్రంగా నిలబెట్టడంలోనే పొరపాటంతా ఉంది. ఫ్లాట్‌వౌండ్ అన్న మాట తీగ పైభాగం ఎలా ఉంటుందో చెబుతుంది గాని ఆ తీగ ఎలా పలుకుతుందో చెప్పదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల తీగలను పోల్చి చూసే పద్ధతే దారి తప్పింది. తీగకు చెందని గుణాలను తీగకు అంటగట్టడం, తీగకు నిజంగా ఉన్న గుణాలను గమనించకపోవడం రెండూ అలవాటైపోయాయి.

బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు తీగలుంటాయి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు వాటిని ఇ, ఎ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. అన్నిటికంటే లావైన ఇ తీగ సెకనుకు 41.2 సార్లు, సన్నదైన జి తీగ 98 సార్లు కంపిస్తాయి. కంపనాలు ఇంత నెమ్మదిగా ఉండాలంటే తీగ బరువుగా ఉండాలి; ఆ బరువునంతా ఒంటి ఉక్కు తీగతోనే సాధించబోతే అది వంగని ఊచ అవుతుంది. అందుకే నడుమ సన్నని ఉక్కు తీగను ఉంచి, వాద్యకారులు కోర్ అని పిలిచే ఆ నడిమి తీగ చుట్టూ మరో లోహపు తీగను ఒకటి రెండు పొరలుగా సందు లేకుండా చుడతారు. పైకి కనబడే ఆఖరి చుట్టు గుండ్రని తీగతో వేసినదైతే రౌండ్‌వౌండ్ అంటారు, చదునైన పట్టీతో వేసినదైతే ఫ్లాట్‌వౌండ్ అంటారు. రౌండ్‌వౌండ్ తీగ పొడుగునా గోటితో గీస్తే దువ్వెన పళ్ల మీద గీసినట్టు గరగరమంటుంది. వాయించే వేలు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారినప్పుడు ఆ చాళ్లలోంచే కీచుమనే చప్పుడు పుడుతుంది. ఫ్లాట్‌వౌండ్ తీగ మీద అదే గోరు పలక మీద జారినట్టు జారిపోతుంది, కంటికి దగ్గరగా పెట్టుకుని వెలుతురులో తిప్పి చూస్తే తప్ప పట్టీ అంచులు ఒకదానినొకటి ఆనుకున్న సన్నని గీతలు కనబడవు. గుండ్రని చుట్టును అరగదీసి సగం చదును చేసిన హాఫ్‌వౌండ్ తీగలు, లోహం మీద నైలాన్ పట్టీ చుట్టిన టేప్‌వౌండ్ తీగలు వేరే జాతులు. వాటిని ఈ లెక్కలో కలిపి మాట్లాడటం కూడా పోలికలు చెడిపోవడానికి ఒక కారణం.

చదునైన పైచుట్టు మొద్దు శబ్దానికి కారణమన్న మాట ఎంత బలహీనమైనదో తెలుసుకోవడానికి బేస్ గిటార్ దాకా కూడా వెళ్లనక్కరలేదు. వయొలిన్‌లో మంద్ర షడ్జమానికీ మంద్ర పంచమానికీ శ్రుతి చేసే తీగలు చాలాకాలంగా వెండి పట్టీతోనో అల్యూమినియం పట్టీతోనో చుట్టి నునుపు చేసినవే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నిలబెట్టిన వయొలిన్ సంప్రదాయాన్ని విన్న తెలుగు శ్రోత ఎవరూ ఆ మంద్ర స్థాయిని మొద్దు శబ్దమని అనరు. కమాను తీగను ఆగకుండా కదిలిస్తూనే ఉంటుంది కాబట్టి వేలితో మీటే వాద్యంతో ఆ పోలిక పూర్తిగా సరిపోదని అభ్యంతరం చెప్పవచ్చు. అది సమంజసమైన అభ్యంతరమే. అయితే నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ సంగతి చూడాలి. జాజ్‌లో ఆ వాద్యాన్ని ఎక్కువగా వేలితోనే మీటుతారు, దానికి వేసే ఉక్కు తీగలు దాదాపు అన్నీ చదునైన పట్టీ చుట్టినవే. వియన్నాలోని థామస్టిక్ ఇన్‌ఫెల్డ్ కంపెనీ చేసే స్పైరోకోర్ తీగలు వాటిలో ఒక రకం. ఆ తీగల కోర్ ఒంటి తీగ కాదు, సన్నని ఉక్కు పోగులను తాడులా పురిపెట్టినది. అందుకే అవి మీటిన తర్వాత చాలాసేపు మోగుతాయి, వాటి శబ్దంలో పదునైన గరగర వినిపిస్తుంది, జాజ్ వాద్యకారులు వాటిని కోరుకునేది ఆ పదును కోసమే. డబుల్ బేస్ వాయించేవారిలో ఎవరూ చదును తీగలన్నీ ఒకటేనని అనరు. ఎలక్ట్రిక్ బేస్ గిటార్ దగ్గరకు వచ్చేసరికి మాత్రమే ఈ వివేచన ఎందుకు మాయమైపోయిందన్నది ఆలోచించవలసిన విషయం.

అందుకు కారణం చరిత్రలో ఉంది. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు బేస్ తీగ అంటే ఫ్లాట్‌వౌండ్ తీగే. ఆ తర్వాతి పదిహేనేళ్ల రికార్డుల్లో వినిపించే ఎలక్ట్రిక్ బేస్ చాలావరకు ఆ తీగల మీద వాయించినదే. ఇంగ్లండులో రోటోసౌండ్ కంపెనీ 1966లో, ద హూ బృందపు వాద్యకారుడు జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి పనిచేసి, పియానో శబ్దంలా ఖంగుమనే రౌండ్‌వౌండ్ తీగలను తీర్చిదిద్దింది. 1970లలో రాక్, ఫంక్ సంగీతాలు ఆ మెరుపునే కోరుకున్నాయి. అప్పటినుంచి కొత్త శబ్దమంటే రౌండ్‌వౌండ్ అని, ఫ్లాట్‌వౌండ్ అంటే వెనకటి శబ్దమని ముద్రపడింది. నిజానికి ఆ పాత రికార్డుల్లో మనకు వినిపించే మసకదనం తీగ ఒక్కదానిది కాదు. నాటి రికార్డింగ్ పరికరాలు, నాటి ఆంప్లిఫయర్లు, వంతెన దగ్గర పెట్టిన స్పాంజి ముక్క, నాటి వాయింపు పద్ధతి అన్నీ కలిసి చేసినది. కాలానికి చెందిన గుణాన్ని వస్తువుకు అంటగట్టడం ఇక్కడ జరిగిన మొదటి పొరపాటు.

ఈ అభిప్రాయం అంతా ఒక్క కళాకారుడి పేరు మీద నిలబడింది కాబట్టి ఆయన సంగతి కొంత వివరంగా చూడక తప్పదు. జేమ్స్ జేమర్సన్ 1936లో సౌత్ కరోలినాలో పుట్టి, డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థలో 1960ల పొడుగునా బేస్ వాయించి, 1983లో మరణించిన మహా వాద్యకారుడు. ఆయన 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద లా బెల్లా కంపెనీ చేసిన లావైన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకునేవాడని, తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధం. ఈ రెండు వాస్తవాలనుంచి ముతక తీగ, మాసిన తీగ ఉంటే జేమర్సన్ శబ్దం వస్తుందన్న సూత్రాన్ని లాగారు. ఆ సూత్రం మిగతా వాస్తవాలన్నిటినీ పక్కకు నెడుతుంది. జేమర్సన్ మొదట డబుల్ బేస్ వాద్యకారుడు. ఎలక్ట్రిక్ బేస్‌ను కూడా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే, పైనుంచి కిందికి కొక్కెంలా లాగి మీటేవాడు. ఆయన వాద్యంలో వంతెనను కప్పే లోహపు మూత కింద స్పాంజి ముక్క ఉండేది, అది తీగ చివరను మెత్తగా నొక్కిపట్టి మోతను తొందరగా ఆపేసేది. డెట్రాయిట్ స్టూడియోలో బేస్‌ను స్పీకరు ముందు మైకు పెట్టి కాక, తిన్నగా రికార్డింగ్ కన్సోల్‌లోకి కలిపి రికార్డు చేసేవారు.

స్పాంజి ముక్క సంగతి తెలుగు పాఠకులకు వివరించడం తేలిక. తంబురాలో తీగకూ వంతెనకూ నడుమ జీవా అనే నూలు పోగును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే అదే తీగ, అదే శ్రుతి, అదే వేలు ఉన్నా నాదం స్వరూపమే మారిపోతుందని కచేరీ వేదిక మీద శ్రుతి చేసేటప్పుడు చూసినవారందరికీ తెలుసు. ఆ పోగు పై స్వరాలను మేల్కొలుపుతుంది. జేమర్సన్ స్పాంజి వాటిని నిద్రపుచ్చుతుంది. చిన్న వస్తువు చేసే ఈ పనిని లెక్కలోకి తీసుకోకుండా తంబురా నాదమంతా తీగ కంపెనీ గొప్పతనమని ఎవరైనా అంటే సంగీతజ్ఞులు ఒప్పుకోరు. జేమర్సన్ విషయంలో మాత్రం సరిగ్గా ఆ మాటనే ఒప్పుకున్నారు. పైగా ఫోర్ టాప్స్ బృందం 1967లో పాడిన బెర్నడెట్ వంటి పాటలో ఆయన బేస్‌ను శ్రద్ధగా వింటే అది మొద్దు శబ్దం కానే కాదు. ప్రతి స్వరం మొదట్లో పంటికి తగిలినట్టు ఒక గట్టి కొస ఉంటుంది, వేగంగా పరుగెత్తే స్వరాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినిపిస్తాయి. మొద్దుబారిన తీగ మీద ఆ స్పష్టత సాధ్యం కాదు.

ఇక ఈ వాదాన్ని కూలదోసే ఉదాహరణ ఇంగ్లండు నుంచే వస్తుంది. 1975లో లండన్‌లో ఐరన్ మెయిడెన్ బృందాన్ని స్థాపించిన స్టీవ్ హారిస్ హెవీ మెటల్ సంగీతంలో బేస్ వాద్యానికి కొత్త వేగాన్ని ఇచ్చినవాడు. ఆ బృందం 2007లో బెంగళూరులో కచేరీ చేసింది. గుర్రం దౌడు తీసినట్టు గిటార్లను వెనక నుంచి తరుముకొచ్చే ఆ బేస్ మన దేశంలోని శ్రోతలకు కూడా ప్రత్యక్షంగా పరిచయం. రెండు గిటార్లో మూడు గిటార్లో గర్జిస్తున్నా, వాటిమీదుగా ఇనుము ఇనుముకు తగిలినట్టు ఖణేల్మనే ఆ శబ్దాన్ని రౌండ్‌వౌండ్ తీగల ప్రతాపమని చాలామంది అనుకుంటారు. అవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. రోటోసౌండ్ కంపెనీ ఆయన పేరుతోనే అమ్మే సెట్టులో నాలుగు తీగల మందం 0.050, 0.075, 0.095, 0.110 అంగుళాలు. లా బెల్లా కంపెనీ జేమర్సన్ వాడిన కొలతలతో అమ్మే సెట్టులో సన్న తీగ మందం 0.052 అంగుళం, లావు తీగ మందం 0.110 అంగుళం. అంటే ఇ తీగలు రెండూ సరిగ్గా ఒకే మందం, జి తీగల్లో ఉన్న తేడా వెయ్యిలో రెండు వంతుల అంగుళం మాత్రమే. వాద్యం కూడా ఇద్దరిదీ ఒకే నమూనా, ఫెండర్ ప్రెసిషన్ బేస్. ఇద్దరూ పిక్ లేకుండా వేళ్లతోనే మీటేవారు. ఇన్ని పోలికలున్నా ఒకరి శబ్దం పట్టుబట్ట, మరొకరి శబ్దం సమ్మెటపోటు. హారిస్ తీగలను మెట్లకు చాలా దగ్గరగా దించి పెట్టుకుంటాడు, అవి మెట్లకు తగిలేలా గట్టిగా కొడతాడు, ప్రతి కచేరీకి కొత్త తీగలు వేయిస్తాడు. ఫ్లాట్‌వౌండ్ తీగ పుట్టుకతోనే మొద్దుదైతే ఈ శబ్దం రావడం అసాధ్యం. ఫ్లాట్‌వౌండ్ తీగను మార్చకూడదన్న సూత్రం కూడా ఇక్కడితోనే చెల్లిపోయింది.

లోహం గురించి ప్రచారంలో ఉన్న తేలిక సూత్రాలకు కూడా ఈ జంట ఉదాహరణే సమాధానం చెబుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ చుట్టిన తీగ పదునుగా పలుకుతుందని, నికెల్ పట్టీ మెత్తగా పలుకుతుందని, నికెల్‌నూ రాగినీ కలిపి చేసే మోనెల్ మిశ్రలోహం ఇంకా వెచ్చగా ఉంటుందని అంటారు. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు ఇది చాలావరకు నిజమే. కానీ హారిస్ సెట్టు మోనెల్, జేమర్సన్ వాడిన లా బెల్లా తీగలు స్టెయిన్‌లెస్ స్టీల్. సూత్రం ప్రకారం మెత్తగా ఉండవలసినది ఖంగుమంటోంది, ఖంగుమనవలసినది మెత్తగా ఉంది. లోహం చేసే పని ఉంది, అయితే అది చేయీ, స్పాంజీ, తీగ వయసూ చేసే పనికి లోబడి ఉంటుంది.

ఫ్లాట్‌వౌండ్ తీగలన్నీ బిగువుగా ఉంటాయి, వేళ్లు నొప్పెడతాయి అన్న మాట ఈ అభిప్రాయానికి మరో కొమ్మ. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో సాగదీసిన తీగ కంపన నియమాలను చదివి, సోనామీటరు పెట్టె మీద బరువులు మారుస్తూ ప్రయోగం చేసిన విద్యార్థులందరికీ దీనికి సమాధానం తెలుసు. తీగ పొడవూ పౌనఃపున్యమూ, అంటే సెకనుకు వచ్చే కంపనాల సంఖ్యా స్థిరంగా ఉన్నప్పుడు, తీగలోని బిగువు దాని మీటరు పొడవుకు ఉన్న బరువును బట్టి మారుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ తన్యత, రేఖీయ సాంద్రత అంటాయి. గుండ్రని తీగల చుట్టులో తీగకూ తీగకూ నడుమ ఖాళీ ఉంటుంది, చతురస్రంలో గీసిన వృత్తం 78.5 శాతం స్థలాన్నే నింపుతుంది. చదును పట్టీ ఆ ఖాళీని మిగల్చదు. అందుకే ఒకే మందం, ఒకే లోహం, ఒకే కోర్ అయితే ఫ్లాట్‌వౌండ్ తీగ బరువెక్కువ, బిగువెక్కువ. ఇంతవరకు ఆ మాట నిజం. అయితే తయారీదారులు మందాన్ని, కోర్‌ను, లోపలి పొరలను తమకు తోచినట్టు మార్చుకుంటారు. ఒక్క లా బెల్లా కంపెనీయే జి తీగ 0.052 అంగుళం ఉన్న జేమర్సన్ సెట్టునూ, అదే తీగ 0.042 అంగుళం ఉన్న లో టెన్షన్ సెట్టునూ అమ్ముతుంది. లోపలి నిర్మాణం ఒకటే అనుకుని మందం వర్గాల నిష్పత్తితో లెక్క కడితే మొదటి దాని బిగువు రెండోదానికంటే సుమారు 53 శాతం ఎక్కువ అవుతుంది. ఒకే కంపెనీ, ఒకే చదును పట్టీ, ఇంత తేడా. ఈ రెంటినీ ఫ్లాట్‌వౌండ్ అన్న ఒక్క మాటలో కలిపి బిగువు గురించి తీర్పు చెప్పడం ఎలా సాధ్యం?

మందం చూసి పోల్చుకుంటే చాలుననుకోవడం కూడా తప్పే. థామస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్ సెట్టులో ఇ తీగ మందం 0.100 అంగుళం, డాడారియో కంపెనీ క్రోమ్స్ తీగల్లో 0.045 నుంచి 0.100 వరకున్న సెట్టులో కూడా ఇ తీగ అంతే. పొట్లం మీది అంకె ఒకటే అయినా చేతికి అవి రెండు వేరువేరు వాద్యాల్లా తగులుతాయి: మొదటిది తక్కువ బిగువుతో వేలికి లొంగుతుంది, నికెల్ పట్టీతో నిండుగా పాడుతుంది, రెండోది గట్టిగా నిలబడి, కొత్తలో రౌండ్‌వౌండ్‌కు చాలా దగ్గరగా మెరుస్తుంది. ఇక్కడే బిగువుకూ బిరుసుకూ ఉన్న భేదాన్ని గుర్తించాలి. బిగువు అంటే తీగను రెండు కొసలా లాగుతున్న బలం. బిరుసు అంటే వంచబోతే తీగ ఎదురుతిరిగే గుణం. బిరుసులో పెద్ద వాటా కోర్‌ది, ఆ వాటా కోర్ మందపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. కోర్ పది శాతం లావైతే దాని బిరుసు 46 శాతం పెరుగుతుంది. బిరుసెక్కువైన తీగలో పై స్వరాలు, అంటే మూల కంపనానికి రెట్లుగా రావలసిన కంపనాలు, ఉండవలసిన చోటికంటే కొద్దిగా హెచ్చి పలుకుతాయి. చెవికి అది మొదట్లో ఒక మొరటు దెబ్బలా వినిపిస్తుంది. కోర్ ఆరు పలకలుగా ఉంటే పైచుట్టును అంచులతో గట్టిగా పట్టుకుంటుంది, గుండ్రంగా ఉంటే తీగ సులువుగా వంగుతుంది. గుండ్రని కోర్ ఉన్న తీగను కత్తిరించే ముందు కొసను నిలువుగా మడవాలని, లేకపోతే చుట్టు వదులై తీగ పనికిరాకుండా పోతుందని వాద్యాలు బాగుచేసేవారు చెప్పడానికి కారణం కోర్‌కు పట్టు లేకపోవడమే. తీగ కొనేవారిలో ఎంతమంది కోర్ ఆకారం గురించి అడుగుతారు? పైచుట్టు చదునా గుండ్రమా అన్న ప్రశ్నతోనే విచారణ ముగిసిపోతోంది.

ఫ్లాట్‌వౌండ్ వేస్తే బేస్ పెరుగుతుందన్న మాట ఈ అభిప్రాయంలో అన్నిటికంటే హాని చేసేది. తీగ దేనినీ కొత్తగా కలపదు. పై స్వరాలు కొంత తగ్గినప్పుడు మూలస్వరం పెరిగినట్టు వినిపిస్తుంది, అంతే. పై స్వరాలు మరీ తగ్గిపోతే అసలు బేసే వినబడకుండా పోయే ప్రమాదం ఉంది. ఇళయరాజా 1980లలో తెలుగు చిత్రాలకు చేసిన పాటల్లో బేస్ గిటార్ గాయకుడి పక్కన రెండో గొంతులా నడుస్తుందని, దాని నడక మీదనే పాట నిలబడి ఉంటుందని ఆ పాటలు విన్నవారికి తెలుసు. ఆ పాటలను అప్పట్లో అత్యధికులు విన్నది చిన్న రేడియోలోనో టేప్‌రికార్డర్‌లోనో. ఆ అరచేతి వెడల్పు స్పీకర్లకు సెకనుకు 41 కంపనాల శబ్దాన్ని పలికించే శక్తి లేదు. అయినా శ్రోతలు బేస్ వరుసను వెంట పాడుకోగలిగారు. పై స్వరాలు చెవికి అందితే అందని మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటుంది కాబట్టి అది సాధ్యమైంది. నేడు సెల్‌ఫోన్‌లో వినేవారి సంగతీ అంతే. అందువల్ల ఫ్లాట్‌వౌండ్ తీగను ఎంచుకునేవారు అది ఎంత మసకగా ఉందని కాదు, మధ్య స్థాయి స్వరాలను ఎంత నిలుపుకుందని చూడాలి. ఆ లెక్కన తీగకూ తీగకూ తేడాలు చాలా పెద్దవి. కోబాల్ట్ కలిపిన పట్టీతో ఎర్నీ బాల్ చేసే తీగలు ఆ స్థాయిని ముందుకు తోస్తాయి. ఏళ్లు గడిచి చెమట ఇంకిన స్టీల్ తీగ దానిని చాలావరకు పోగొట్టుకుంటుంది.

ఎదుటి పక్షానికి చెందవలసినది చెందాలి. ఒకే లోహంతో, ఒకే కోర్‌తో, ఒకే రోజున బిగించిన రెండు తీగలను పోలిస్తే ఫ్లాట్‌వౌండ్‌లో పై స్వరాలు తక్కువ; పట్టీ అంచులు ఒకదానినొకటి రాసుకుంటూ ఆ సూక్ష్మ కంపనాలను మింగేస్తాయి. వేళ్ల జారుడు చప్పుడు దాదాపు ఉండదు, మెట్లు తక్కువ అరుగుతాయి, మెట్లు లేని బేస్ అయితే చెక్క పలక గీతలు పడకుండా బతుకుతుంది. చాళ్లు లేవు కాబట్టి మురికి నెమ్మదిగా పడుతుంది, తీగ చాలా ఏళ్లు నిలుస్తుంది. బొటనవేలితో కొట్టి ఖంగుమనిపించే స్లాప్ వాయింపులో గాజు పగిలినట్టు వినిపించే ఆ మెరుపు కావాలనుకునేవారికి రౌండ్‌వౌండ్ తీగే తగినది. వీటిలో ఏదీ వివాదాంశం కాదు. ఇది రెండు జాతుల సగటు తేడా. ఒక జాతిలోపల ఉన్న వైవిధ్యం ఆ సగటు తేడాకంటే ఎక్కువైనప్పుడు జాతి పేరు చూసి నిర్ణయించడం అశాస్త్రీయం, ఫ్లాట్‌వౌండ్ విషయంలో పరిస్థితి సరిగ్గా అదే. కొత్త క్రోమ్స్ తీగకూ పదేళ్ల జేమర్సన్ సెట్టుకూ ఉన్న దూరం, అదే క్రోమ్స్ తీగకూ నెల వాడిన రౌండ్‌వౌండ్ తీగకూ ఉన్న దూరంకంటే చాలా ఎక్కువ.

ఈ దురభిప్రాయానికి మూల్యం చెల్లిస్తున్నది కొత్తగా నేర్చుకునేవారు. ఫ్లాట్‌వౌండ్ సెట్టు ధర సాధారణంగా రౌండ్‌వౌండ్‌కంటే బాగా ఎక్కువ. తెలుగు పట్టణాల్లో సంగీత వాద్యాల దుకాణంలో చేతికందేవి ఎక్కువగా రౌండ్‌వౌండ్ తీగలే కాబట్టి ఫ్లాట్‌వౌండ్‌ను తెప్పించుకోవలసి వస్తుంది. అలా తెప్పించుకున్న ముతక సెట్టు ఒకటి వేళ్లను బాధించి, కొత్త తీగల బిగువుకు వాద్యం మెడ వంగి, మెట్ల మీద తీగలు ఎత్తుగా లేచిపోతే, ఆ విద్యార్థి ఫ్లాట్‌వౌండ్ తనకు సరిపడదని జీవితాంతానికి నిర్ణయించుకుంటాడు. అతనికి సరిపడనిది ఆ బిగువు. మెడలోని సర్దుబాటు కడ్డీని పావు చుట్టు తిప్పి ఉంటే, లేదా తక్కువ బిగువున్న సెట్టు ఎంచుకుని ఉంటే తీర్పు వేరుగా ఉండేది. మెడ పొడవు కూడా లెక్కలోకి రావాలి. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్‌నర్ వంటి 30 అంగుళాల వాద్యం మీద, అదే తీగ అదే శ్రుతిలో, 34 అంగుళాల వాద్యం మీద ఉండే బిగువులో 78 శాతమే చూపుతుంది. చిన్న వాద్యానికి నప్పిన తీగను పెద్ద వాద్యానికి సిఫారసు చేయడం, పెద్ద దానిది చిన్న దానికి చేయడం రెండూ నిత్యం జరుగుతున్నాయి.

కాబట్టి ఫ్లాట్‌వౌండ్ తీగల పోలిక అని చెప్పుకునేది ఏదైనా నాలుగు తీగల మందాలూ విడివిడిగా చెప్పాలి, కోర్ ఆకారం చెప్పాలి, పట్టీ లోహం చెప్పాలి, తయారీదారు బిగువు పట్టిక ఇచ్చి ఉంటే దాన్ని చూపాలి, తీగ బిగించి ఎన్ని రోజులైందో చెప్పాలి, స్పాంజి ఉందో లేదో చెప్పాలి. ఈ వివరాలు లేని పోలికను పోలికగా ఒప్పుకోవలసిన పని లేదు. పాఠాలు చెప్పేవారు విద్యార్థికి ఫ్లాట్‌వౌండ్ వేసుకొమ్మని గాని వద్దని గాని చెప్పకుండా, ఎలాంటి బిగువు, ఎంత మందం, ఏ లోహం అన్నది చెప్పడం అలవాటు చేసుకోవాలి. తీగలు మార్చే ప్రతి వాద్యకారుడూ తీసిన సెట్టును పారేయకుండా చుట్టచుట్టి, పొట్లం మీద బిగించిన తేదీ, తీసిన తేదీ రాసి దాచుకుంటే రెండు మూడేళ్లలో తన వాద్యానికీ తన చేతికీ నప్పేది ఏదో తానే తేల్చుకోగలుగుతాడు. కొత్త సెట్టు వేసిన రోజున వినిపించిన శబ్దాన్ని బట్టి మాత్రం ఎవరూ నిర్ణయానికి రాకూడదు. మొదటి మెరుపు తగ్గి ఫ్లాట్‌వౌండ్ తీగ తన అసలు గొంతులో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.